డబుల్ నెక్ గిటార్–బేస్ వైరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

చెక్క పని పూర్తయి, నెక్‌లు రెండూ కూర్చుని, ఇక సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే దశకు వచ్చినవాళ్ళ కోసం ఈ పేజీ. ఉదాహరణకు ఒక మామూలు అమరిక తీసుకున్నాం: గిటార్ నెక్‌కి రెండు హంబకర్లు (రెండేసి కాయిల్స్ ఉండే పికప్‌లు), బేస్ నెక్‌కి ఒక స్ప్లిట్ పి-పికప్ (రెండు ముక్కలుగా ఉండే బేస్ పికప్), ఒక్కోవైపుకి ఒక వాల్యూమ్, ఒక టోన్, బ్యాటరీ లేని పాసివ్ సర్క్యూట్. మీ పికప్‌లు వేరైనా పద్ధతి మాత్రం ఇదే.

రెండు నెక్‌లకూ కలిపి ఒకే వాల్యూమ్, ఒకే టోన్ పెడితే పోదా?

రెండూ గిటార్ నెక్‌లైతే ఎలాగో నడుస్తుంది. గిటార్, బేస్ కలిసినచోట నడవదు. హంబకర్‌కి 500 కిలో ఓమ్‌ల పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే విలువ మారే రెసిస్టర్) కావాలి, పి-పికప్‌కి 250 చాలు. టోన్ కెపాసిటర్లూ వేరు. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండూ వెళ్ళాల్సిన ఆంప్‌లే వేరు. గిబ్సన్ ఈడీఎస్-1275 డయాగ్రమ్ చూసి దాన్నే దించేద్దామనుకునేవాళ్ళు చాలామంది. అందులో ఉన్నవి 12 తీగల నెక్, 6 తీగల నెక్. రెండూ గిటార్లే కాబట్టి ఒకే జాక్‌తో పని జరిగిపోతుంది. మీ బాడీలో మాత్రం రెండు వేర్వేరు వాయిద్యాలున్నాయనుకుని మొదలుపెట్టండి. పికప్ నుంచి జాక్ దాకా ఎవరి సర్క్యూట్ వారిది, గ్రౌండ్ ఒక్కటే ఉమ్మడి. కింద చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది.

ఏమేం సామాను కావాలి?

గిటార్ వైపు: ఏ500కె పాట్‌లు రెండు, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, పికప్‌లు మార్చే మూడు స్థానాల టాగుల్ ఒకటి.

బేస్ వైపు: ఏ250కె పాట్‌లు రెండు, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి.

ఉమ్మడిగా: మోనో జాక్‌లు రెండు, నెక్ మార్చడానికి మధ్యలో ఆఫ్ అయ్యే ఎస్‌పీడీటీ (నడిమి కాలుని రెండు చివరి కాళ్ళలో ఒకదానికి కలిపే) మినీ టాగుల్ ఒకటి, 22 లేదా 24 గేజ్ వైరు మూడు మీటర్లు, షీల్డ్ వైరు మీటరున్నర, వెనక జిగురు కూడా కరెంటును పోనిచ్చే రకం రాగి టేపు, 0.8 మి.మీ. రోజిన్ సోల్డర్ (60/40 లేదా 63/37), కొంచెం హీట్‌ష్రింక్ ట్యూబు, మల్టీమీటర్.

కెపాసిటర్ మీద 223 అని ఉంటే 0.022, 473 అని ఉంటే 0.047. పాట్ మీద "ఏ" అంటే ఆడియో టేపర్, "బి" అంటే లీనియర్. వాల్యూమ్‌కి "బి" పెట్టినా పాడైపోయేదేమీ లేదు. కాకపోతే శబ్దం తగ్గడమంతా నాబ్ చివరి మలుపులోనే జరిగినట్టు ఉంటుంది.

పాట్‌లు కొనేముందు బాడీకి వేసిన రంధ్రం కొలవండి. అంగుళాల కొలతతో వచ్చే పెద్ద పాట్‌కి 9.5 మి.మీ. రంధ్రం కావాలి, మెట్రిక్ చిన్న పాట్‌లకి 8 మి.మీ. సరిపోతుంది. పాట్‌లను చెక్కకే నేరుగా బిగిస్తున్నట్టయితే మెడ పొడుగున్న రకం తీసుకోకపోతే నట్టుకు మర అందదు.

500, 250 అని ఎందుకంత పట్టింపు?

పాట్ ఎప్పుడూ పికప్ మీద ఒక లోడ్‌లాగే ఉంటుంది. దాని విలువ తగ్గేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు తరిగిపోతాయి. హంబకర్‌కి 250 పెడితే మూతివేసినట్టు మొద్దుగా వినిపిస్తుంది, పి-పికప్‌కి 500 పెడితే స్లాప్‌లో (బొటనవేలితో తీగని కొట్టి వాయించడంలో) గరగర ఎక్కువవుతుంది. తప్పు అనలేం, రుచిని బట్టి. అయితే పాట్‌లకు పది నుంచి ఇరవై శాతం తేడా మామూలే. కొన్నవన్నీ మీటర్‌తో కొలిచి, ఎక్కువ చూపినవి వాల్యూమ్‌లకు, తక్కువ చూపినవి టోన్‌లకు పెట్టుకోవడం మంచి అలవాటు.

ఒక జాక్ పెట్టాలా, రెండా?

మా ఓటు రెండు జాక్‌లకే. గిటార్ కింది ఇ తీగ 82.4 హెర్ట్జ్, బేస్‌ది 41.2 హెర్ట్జ్. ఆ కింది స్వరాన్ని గట్టిగా గిటార్ ఆంప్‌లోకి పంపితే స్పీకర్ కోన్ తన హద్దు దాటి ఊగుతుంది. కాయిల్ పాడవడానికి అది చాలు. తక్కువ వాల్యూమ్‌లో ప్రాక్టీసుకైతే ఫర్వాలేదు. గిటార్‌ని బేస్ ఆంప్‌లోకి పంపితే ఏ ప్రమాదమూ లేదు, శబ్దం చప్పగా ఉంటుందంతే.

మధ్యేమార్గంగా ఒకే స్టీరియో జాక్ పెట్టేవాళ్ళూ ఉన్నారు: టిప్‌కి (ప్లగ్ మొన) గిటార్, రింగ్‌కి (నడుమ కట్టు) బేస్, స్లీవ్‌కి (వెనక ఉన్న పొడుగు భాగం) గ్రౌండ్. అవతల ఒక స్టీరియో ప్లగ్ రెండు మోనో ప్లగ్‌లుగా చీలే కేబుల్ వాడతారు. మిక్సర్ ఇన్‌సర్ట్ కేబుల్ అని అమ్మేది అదే. దీంట్లో రెండు సంగతులు తెలిసుండాలి. మామూలు మోనో ప్లగ్ దూర్చితే రింగ్ పోయి గ్రౌండ్‌కి తగులుతుంది కాబట్టి గిటార్ మాత్రమే పలుకుతుంది, బేస్ మూగబోతుంది. రెండోది, ఒకే తొడుగులో రెండు సిగ్నళ్ళు పక్కపక్కనే పరిగెత్తుతాయి. పాసివ్ పికప్‌లతో కేబుల్ పొడుగైతే గిటార్ పై స్వరాలు బేస్ లైన్లోకి పలచగా కారతాయి.

నెక్ మార్చే స్విచ్‌ని ఎలా కలపాలి?

రెండు జాక్‌లు (లేదా స్టీరియో జాక్) ఉంటే మూడు వైర్లతో అయిపోతుంది. మినీ టాగుల్ నడిమి కాలు గ్రౌండ్‌కి. ఒక చివరి కాలు నుంచి గిటార్ జాక్ టిప్‌కి, రెండో చివరి కాలు నుంచి బేస్ జాక్ టిప్‌కి. వాల్యూమ్ పాట్‌ల నుంచి జాక్‌లకు వెళ్ళే వైర్లు తెగ్గొట్టనక్కర్లేదు. ఈ స్విచ్ సిగ్నల్‌ని దారి మళ్ళించదు. వద్దనుకున్న నెక్‌ని గ్రౌండ్‌లో ముంచేస్తుంది. మధ్యలో ఉంచితే దేన్నీ ముంచదు కాబట్టి రెండూ పలుకుతాయి.

మినీ టాగుల్‌లో పిడి ఎటు వంగితే దానికి ఎదుటివైపు కాలు కలుస్తుంది. అందుకని బేస్ నెక్ ఉన్నవైపు కాలికి బేస్ వైరు, గిటార్ ఉన్నవైపు కాలికి గిటార్ వైరు ఇస్తే, పిడిని గిటార్ వైపు తోసినప్పుడు బేస్ ఆగిపోతుంది. సోల్డర్ చేసేముందు మీటర్ బీప్‌తో ఒకసారి చూసుకోండి.

వైరు తెంపే రకం స్విచ్ కన్నా ఇది ఎందుకు మేలంటే, తెంపినప్పుడు ఆ ఆంప్ ఇన్‌పుట్ గాల్లో వేలాడి గుయ్యిమంటుంది. గ్రౌండ్ చేస్తే నిశ్శబ్దం.

నాకు ఒకే మోనో జాక్ కావాలి. అప్పుడు?

పైన చెప్పిన స్విచ్ పనికిరాదు. రెండు టిప్‌లూ ఒకటే కాబట్టి దేన్ని ముంచినా రెండూ మునుగుతాయి. ఇక్కడ గిటార్లలో వాడే మూడు స్థానాల టాగుల్ పెట్టండి: ఒకవైపు గిటార్ వాల్యూమ్ నడిమి కాలు, ఇంకోవైపు బేస్ వాల్యూమ్ నడిమి కాలు, ఉమ్మడి కాలు నుంచి జాక్‌కి.

స్విచ్ మధ్యలో పెడితే శబ్దం సగానికి పడిపోతుంది. అది వైరింగ్ తప్పు కాదు. 8 కిలో ఓమ్‌ల హంబకర్‌కి 10 కిలో ఓమ్‌ల బేస్ పికప్ లోడ్‌గా తగులుతుంది, దీనికి అది తగులుతుంది. ఒకటి పుట్టించిన వోల్టేజీలో సగం రెండోదాంట్లోనే ఖర్చవుతుంది. పైగా ఒక వాల్యూమ్ సున్నా చేస్తే రెండూ ఆగిపోతాయి. దానికి రెండు వాల్యూమ్ పాట్‌లలోనూ వైర్లు తిప్పి కలపడం ఒక ఉపాయం: పికప్ నడిమి కాలికి, బయటికి వెళ్ళే వైరు చివరి కాలికి. అప్పుడు దేని వాల్యూమ్ దానిదే, కానీ తగ్గించినప్పుడు పై స్వరాలు ముందే పోతాయి.

ఒక్కోదానికి 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వరుసలో పెట్టి కలపమనే సలహా కూడా వినిపిస్తుంటుంది. కేబుల్ కెపాసిటెన్స్ 500 పికోఫారడ్‌లు ఉంటే, ఒక్క నెక్ వాడుతున్నప్పుడు 6 కిలోహెర్ట్జ్ దగ్గర నుంచే కోత మొదలవుతుంది. ఇన్ని తంటాలు పడేకన్నా ఇంకో రంధ్రం వేసి రెండో జాక్ బిగించుకోవడం సులువు.

ఒకవైపు వైరింగ్ వరుస ఏమిటి?

పాట్‌ని వెనక నుంచి చూస్తూ కాళ్ళు మీవైపు ఉండేలా పెట్టుకోండి. వాల్యూమ్‌లో ఎడమ కాలికి పికప్ (గిటార్ వైపైతే పికప్ టాగుల్ ఉమ్మడి కాలు నుంచి వచ్చే వైరు), నడిమి కాలు నుంచి జాక్ టిప్, కుడి కాలు వంచి పాట్ డబ్బాకే అంటించేయాలి. టోన్‌లో నడిమి కాలికి వాల్యూమ్ ఎడమ కాలు నుంచి వైరు, కుడి కాలికీ డబ్బాకీ మధ్య కెపాసిటర్, ఎడమ కాలు ఖాళీ. బేస్ వైపు కూడా అచ్చం ఇలాగే.

పాట్ వీపు మీద సోల్డర్ అంటుకోవడం లేదనేది అందరి ఫిర్యాదే. ముందు అక్కడ గరుకు కాగితంతో గీరి మెరుపు తీసేయండి. సన్న మొన వద్దు, వెడల్పు మొన పెట్టి 350 నుంచి 370 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచండి. ముందు డబ్బా మీద ఒక చుక్క పరచుకుని, వైరు చివరకి కూడా సోల్డర్ పూసి, తర్వాత రెండూ కలపాలి. ఐదు సెకన్లలో అవ్వాలి. సన్న మొనతో అరనిమిషం నొక్కిపెడితే వేడి లోపలి కార్బన్ ట్రాక్ దాకా పోయి పాట్ తిప్పినప్పుడల్లా గరగరమంటుంది. నీళ్ళ పైపులకు వాడే యాసిడ్ ఫ్లక్స్ దగ్గరికి కూడా రానీయకండి. కొన్నాళ్ళకు అతుకుల్నే తినేస్తుంది.

హంబకర్‌కి నాలుగు రంగుల వైర్లున్నాయి. ఏది ఎక్కడికి?

తయారీదారుని బట్టి మారుతుంది. సీమూర్ డంకన్‌లో నలుపు సిగ్నల్, ఆకుపచ్చ, తొడుగులేని వైరు కలిపి గ్రౌండ్, ఎరుపు తెలుపు రెండూ ఒకదానికొకటి. డిమార్జియోలో ఎరుపు సిగ్నల్, ఆకుపచ్చ, తొడుగులేనిది గ్రౌండ్, నలుపు తెలుపు ఒకదానికొకటి. ఒకదాని చార్టు చూసి ఇంకోదాన్ని కలిపితే ఒక కాయిల్ చచ్చిపోవడమో, శబ్దం పీలగా రావడమో జరుగుతుంది. పేరు తెలియని పికప్ అయితే మీటర్‌తో జతలు వెతకండి: ఏ రెండు వైర్ల మధ్య దాదాపు 4 కిలో ఓమ్‌లు చూపిస్తే అవి ఒక కాయిల్.

గిటార్ పికప్‌లకూ బేస్ పికప్‌కూ ఫేజ్ కలవాలా?

ఫేజ్ కలవడమంటే రెండు సిగ్నళ్ళూ ఒకే దిశలో ఊగడం. ఇక్కడ అక్కర్లేదు. అవి వేర్వేరు తీగల్ని వింటున్నాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకునే ప్రశ్నే లేదు. ఫేజ్ చూసుకోవాల్సింది ఒకే నెక్ మీదున్న పికప్‌ల మధ్య మాత్రమే. గిటార్ రెండు హంబకర్లూ కలిపినప్పుడు కింది స్వరాలు మాయమై ముక్కుతో పలికినట్టుంటే ఒకదాని సిగ్నల్, గ్రౌండ్ వైర్లు తారుమారు చేయండి. తొడుగులేని వైరు మాత్రం ఎప్పుడూ గ్రౌండ్‌లోనే ఉండాలి.

గ్రౌండ్ ఎలా పంచాలి? బ్రిడ్జిలు రెండూ కలపాలా?

రెండూ కలపాలి. ఒక్కో బ్రిడ్జి కింద నుంచి కంట్రోల్ గుంటలోకి సన్న రంధ్రం ఉండాలి. వైరు కొన ఓ రెండు సెంటీమీటర్లు ఒలిచి, పోగులు విడదీసి బ్రిడ్జి కింద పరిచి బిగిస్తే చాలు. ఈ రంధ్రాలూ, రెండు గుంటల్ని కలిపే 8–10 మి.మీ. సొరంగమూ ఫినిషింగ్‌కి ముందే వేసి ఉంచాలి. పాలిష్ అయిన బాడీలోకి పొడుగు డ్రిల్ బిట్ దించడం గుండె గట్టిగా ఉన్నవాళ్ళ పని.

గుంటలో ఒక పాట్ వీపునో, చిన్న రాగి పలకనో కేంద్రంగా పెట్టుకుని అన్ని గ్రౌండ్ వైర్లూ అక్కడికే తెచ్చేయండి. రెండు జాక్‌ల స్లీవ్‌లూ అక్కడే కలవాలి. గిటార్ లోపల గ్రౌండ్ లూప్‌ల గురించి జరిగే చర్చంతా అవసరానికి మించినది: నాలుగంగుళాల వైర్లతో ఏర్పడే లూప్ చెవికి వినిపించేంత హమ్ మోసుకురాదు. వదులు అతుకు మాత్రం తప్పకుండా మోసుకొస్తుంది.

రెండు ఆంప్‌లకు ఒకేసారి కలిపితే హమ్ వస్తోంది. ఒక ఆంప్ ఎర్త్ పిన్ తీసేయొచ్చా?

తీయకూడదు, ఏ పరిస్థితిలోనూ. హమ్‌కి కారణం ఇది: రెండు ఆంప్‌ల ఎర్త్‌లూ గోడ సాకెట్ దగ్గర ఒకసారి, మీ బాడీ లోపల ఇంకోసారి కలుస్తున్నాయి. ఆ పెద్ద చుట్టులో చిన్న కరెంటు తిరుగుతుంది. ఇక్కడ బాడీ లోపలే గ్రౌండ్‌లు విడదీస్తే పోదా అని ఎవరికైనా తోస్తుంది. విడదీస్తే గిటార్ తీగలు ఒక ఆంప్ ఎర్త్‌కీ, బేస్ తీగలు ఇంకో ఆంప్ ఎర్త్‌కీ చేరతాయి. ఒక ఆంప్‌లో లోపం వచ్చిన రోజున ఒక చెయ్యి ఈ తీగల మీద, ఇంకో చెయ్యి ఆ తీగల మీద ఉంటే కరెంటు దాటేది గుండె మీదుగా. కాబట్టి వాయిద్యంలో గ్రౌండ్ ఒక్కటిగానే ఉండాలి.

లూప్‌ని తెంపాల్సింది బయట, ఒక లైన్లో. సులువైన మార్గం బేస్‌ని డీఐ బాక్స్ (వాయిద్యాన్ని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె) ద్వారా మిక్సర్‌కి పంపి, దాని మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ (గ్రౌండ్ కలయికని తెంపే స్విచ్) నొక్కడం. రెండు ఆంప్‌లే కావాలంటే ఒక లైన్లో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. దాన్ని పాసివ్ పికప్‌కి నేరుగా తగిలిస్తే లోడ్ ఎక్కువై శబ్దం మొద్దుబారుతుంది. ముందు ఒక బఫర్ (పికప్ మీద ఆ లోడ్ పడనీయని సర్క్యూట్) ఉన్న పెడల్ ఉండాలి.

రాగి టేపు ఎంతవరకు వేయాలి?

గుంట అడుగు, గోడలు, మూత లోపలివైపు. మూతను తాకేలా గోడ టేపుని అంచు మీదకు ఒక సెంటీమీటరు మడవండి. ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కాలి, అతుకుల దగ్గర ఒక్కో చుక్క సోల్డర్ వేస్తే నిశ్చింత. ఒక మూల నుంచి ఇంకో మూలకు మీటర్ ఒక ఓమ్ లోపే చూపాలి. చివరగా ఒక వైరుతో గ్రౌండ్ కేంద్రానికి కలపడం మరిచిపోవద్దు. కలపని టేపు అలంకారమే.

ప్లగ్ దూర్చినప్పుడు జాక్ టిప్ పలక బయటికి వంగి గోడ రాగికి తగలడం చాలా మామూలు. ప్లగ్ లేనప్పుడు అంతా బాగుంటుంది, దూర్చగానే నిశ్శబ్దం. అక్కడ గోడకు ఇన్సులేషన్ టేపు ఒక ముక్క అంటించండి. గుంటల మధ్య సొరంగంలో వెళ్ళే పొడుగు సిగ్నల్ వైర్లకు షీల్డ్ వైరు వాడి, దాని తొడుగుని ఒక కొసనే గ్రౌండ్ చేస్తే చాలు.

బేస్‌కి యాక్టివ్ ప్రీఆంప్ పెట్టొచ్చా?

రెండు జాక్‌లుంటే నిక్షేపంగా. బేస్ జాక్‌గా స్టీరియో జాక్ పెట్టి, బ్యాటరీ నెగెటివ్‌ని రింగ్‌కి ఇవ్వండి. మోనో ప్లగ్ దూర్చినప్పుడే రింగ్, స్లీవ్ కలిసి ప్రీఆంప్ వెలుగుతుంది. కేబుల్ అలాగే వదిలేస్తే 9 వోల్టుల బ్యాటరీ అరిగిపోతూనే ఉంటుంది. నెక్ స్విచ్ ఇప్పుడు ప్రీఆంప్ అవుట్‌పుట్‌ని నేరుగా గ్రౌండ్ చేస్తుంది, అది మంచిది కాదు. ప్రీఆంప్ అవుట్‌పుట్‌కీ స్విచ్ వైరు కలిసే చోటుకీ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి.

గిటార్, బేస్‌లకు ఒకే స్టీరియో జాక్ ఉంటే రింగ్ ఖాళీ ఉండదు కాబట్టి బ్యాటరీకి విడిగా స్విచ్ కావాలి. ఒకే మోనో జాక్ మీద యాక్టివ్ బేస్, పాసివ్ గిటార్ కలిపితే గిటార్ దాదాపు వినిపించదు, దాని సిగ్నలంతా ప్రీఆంప్ అవుట్‌పుట్‌లోకి ఇంకిపోతుంది.

తీగలు వేయకముందే పరీక్షించడం ఎలా?

కేబుల్ దూర్చి, అవతలి ప్లగ్ టిప్‌కీ స్లీవ్‌కీ మధ్య మీటర్ పెట్టండి. నెక్ స్విచ్ మధ్యలో, అన్ని నాబ్‌లూ పూర్తిగా తిప్పి ఉండాలి. హంబకర్లు 8 కిలో ఓమ్‌లవైతే ఒక్కోటి విడిగా 7.9 దగ్గర, రెండూ కలిస్తే 4 దగ్గర చూపాలి. బేస్ జాక్‌లో 10.5 కిలో ఓమ్‌ల పికప్ 10.1 దగ్గర చూపాలి. నెక్ స్విచ్ బేస్ వైపు తోస్తే గిటార్ జాక్ సున్నా కావాలి, గిటార్ వైపు తోస్తే బేస్ జాక్ సున్నా.

వాల్యూమ్ తగ్గిస్తూ పోతే అంకె తగ్గాల్సింది పోయి గిటార్‌కైతే 100 కిలో ఓమ్‌లు దాటుతుంది, బేస్‌కైతే 60 దగ్గరికి వెళ్తుంది. కంగారుపడకండి, మధ్యలో పాట్ సొంత రెసిస్టెన్స్ కలుస్తుంది. పూర్తిగా తగ్గించినప్పుడు సున్నాకి రావాలి. టోన్ తిప్పితే అంకె కదలకూడదు, కదిలితే కెపాసిటర్ షార్టయినట్టు. తర్వాత ఆంప్‌కి కలిపి పికప్ మీద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టి ప్రతి స్థానంలోనూ వినండి.

శబ్దంలో తేడా ఉంటే ముందు ఎక్కడ వెతకాలి?

తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గుతోందంటే బ్రిడ్జి గ్రౌండ్ పనిచేస్తున్నట్టే. ముట్టుకుంటే పెరుగుతోందంటే ఆ జాక్‌లో టిప్, స్లీవ్ వైర్లు తారుమారయ్యాయి. టోన్ నాబ్ వాల్యూమ్‌లా పనిచేస్తుంటే కెపాసిటర్ని దాటేసి కాలు డబ్బాకి తగులుతోంది. ఒక నెక్ ఎప్పుడూ మూగగానే ఉంటే నెక్ స్విచ్‌కి వెళ్ళే దాని వైరు విప్పి చూడండి: అప్పుడు పలికితే లోపం స్విచ్‌లో, అప్పటికీ పలకకపోతే జాక్‌లోనో రాగి టేపు దగ్గరో. కదిలిస్తే వచ్చి పోయే శబ్దానికి కారణం దాదాపు ఎప్పుడూ చల్లారిన అతుకే. చూపుకి మసకగా, గరుకుగా ఉంటుంది. కొత్త సోల్డర్ కొంచెం చేర్చి మళ్ళీ కరిగించండి.

గిటార్ వాయిస్తుంటే బేస్ తీగలు వాటంతటవే మోగుతున్నాయి. వైరింగ్ లోపమా?

కాదు. రెండు నెక్‌లూ ఒకే చెక్క మీదున్నాయి కాబట్టి ప్రకంపన అటూ ఇటూ పాకుతుంది. నెక్ స్విచ్‌ని ఒకవైపుకి తోసి ఉంచితే ఆంప్‌లో వినిపించదు. రెండూ తెరిచి వాయించాల్సినప్పుడు, వాడని తీగల కింద బ్రిడ్జి దగ్గర ఒక స్పాంజి ముక్క దూర్చితే సరి.